ఆ ఒక్క రాత్రి ఎక్కడ ఆగుదాం?

దసరా సెలవులు ఇచ్చే రోజు సాయంత్రం మా బడి గేటు దగ్గర నిలబడితే చాలు, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో తెలిసిపోతుంది. కొందరి కార్లు అప్పటికే డిక్కీ నిండా సామానుతో వస్తాయి. యూనిఫాం విప్పకుండానే పిల్లలు వెనక సీట్లోకి దూరిపోతారు. "రాత్రికే బయలుదేరుతున్నాం సార్. రోడ్డు ఖాళీగా ఉంటుంది, పిల్లలు పడుకుంటారు, తెల్లారేసరికి వైజాగ్‌లో ఉంటాం" అని చెప్పే నాన్నలు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ఆ మాటలో తప్పేమీ లేనట్టే ఉంటుంది. రోడ్డు నిజంగానే ఖాళీగా ఉంటుంది, పిల్లలు నిజంగానే పడుకుంటారు. మెలకువగా ఉండాల్సిన వాళ్ల సంగతే ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అందుకే ఈ నెల ఈ పేజీలో ఎక్కడికి వెళ్లాలన్నది కాకుండా, మధ్యలో ఎక్కడ ఆగాలన్నది మాట్లాడుకుందాం. రెండు రోజుల ప్రయాణంలో ఆ ఒక్క రాత్రి బస సరిగ్గా కుదిరితే సెలవులు అక్కడే మొదలవుతాయి. కుదరకపోతే గమ్యం చేరాక మొదటి రోజంతా నిద్రకీ చిరాకుకీ పోతుంది.

రాత్రి ప్రయాణం లెక్క

ముందు ఆగడం ఎందుకో చూద్దాం. పొద్దున ఆరుకు లేచి, ఆఫీసుకు వెళ్లి, ఇంటికొచ్చి, సామాను సర్ది, రాత్రి తొమ్మిదికి స్టీరింగ్ పట్టుకున్న మనిషి పదకొండు గంటలకల్లా పదిహేడు గంటలుగా మెలకువగా ఉన్నట్టు. ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు 1997లో నేచర్ పత్రికలో ఒక విషయం ప్రచురించారు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి పనితీరు స్థాయికి పడిపోయిందని అందులో ఉంది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే మద్యం తాగి బండి నడిపినట్టు. చుక్క ముట్టని మనిషి కూడా నిద్ర ఆపుకొని నడిపితే ఆ గీత దాటినవాడితో సమానం అవుతాడన్నమాట. ఊదించి చూసే యంత్రానికి మాత్రం దొరకడు.

ఆ తర్వాతి గంటలు ఇంకా కష్టం. మన ఒంట్లో ఉండే గడియారం తెల్లవారుజామున రెండు నుంచి ఆరు వరకు గట్టిగా నిద్రలోకి లాగుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు, నాలుగు గంటల మధ్య మరోసారి కాస్త మెల్లగా లాగుతుంది. కాఫీ, ఏసీ చల్లగాలి, బిగ్గరగా పాటలు కాసేపు పనిచేస్తాయి కానీ నిద్రకు బదులు కావు. కన్ను నాలుగు సెకన్లు మూతపడితే గంటకు 100 కి.మీ. వేగంలో ఉన్న కారు 110 మీటర్లు తనంతట తాను వెళ్లిపోతుంది. ఆ 110 మీటర్లలో లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీ ఉంటే ఇంక చెప్పేదేముంది. ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక గది అద్దె మిగిలిందని మనం అనుకుంటున్నది దేనికి బదులుగా మిగులుతోందో ఒకసారి చూడమని మాత్రమే.

బడి వదిలిన సాయంత్రమే బయలుదేరాలన్న ఆత్రం పిల్లలకు ఉంటుంది, పెద్దలకూ ఉంటుంది. ఆ రాత్రి ఇంట్లో పడుకుని మర్నాడు తెల్లవారి ఐదింటికి బయలుదేరడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలు. పిల్లలు నిద్రమత్తులోనే కారెక్కుతారు. ఎనిమిదింటికి టిఫిన్ దగ్గర లేస్తారు. అప్పటికి ఊరి ట్రాఫిక్ అంతా వెనక ఉంటుంది.

దూరం కాదు, గంటలు

ఆగే ఊరు ఎంచుకునేటప్పుడు చాలామంది మ్యాప్ చూసి సరిగ్గా సగం దూరంలో వేలు పెడతారు. సగం అన్నదానికి అర్థం లేదు. చూడాల్సింది రెండే. స్టీరింగ్ ముందు ఎన్ని గంటలు కూర్చుంటున్నాం, చీకటి పడకముందే చేరుతామా లేదా. అక్టోబరులో సాయంత్రం ఆరుకే చీకటి. కొత్త ఊరిలో చీకట్లో హోటల్ వెతుక్కోవడం, సందుల్లో రివర్స్ చేయడం, ఆకలికి ఏడ్చే చిన్నదాన్ని సముదాయించడం... ఇవన్నీ ఒకేసారి జరిగితే ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోరు.

మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పని అని పెట్టింది. ఐదు గంటలు దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలని కూడా అందులో ఉంది. అది వృత్తిగా బండి నడిపేవాళ్ల కోసం రాసిన రూలు. ఏడాదికి రెండుసార్లు హైవే ఎక్కే మనం దాన్ని మించి ఎందుకు నడపాలి? నాలుగు వరుసల రోడ్డు మీద ఎనిమిది గంటలంటే, ఆగుతూ వెళ్తే, 400 నుంచి 450 కి.మీ. వస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలుంటే 350 చాలు. సాయంత్రం నాలుగింటికి గది చేరితే చీకటి పడేలోపు రెండు గంటలు పిల్లలవి. రోజంతా బెల్టు పెట్టుకుని కూర్చున్న కాళ్లకు ఆ రెండు గంటలు చాలా అవసరం. బెల్టు అంటే గుర్తొచ్చింది. 2019 సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అమ్మ ఒడి ఆ లెక్కలోకి రాదు.

మన దారుల్లో కొన్ని మజిలీలు

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం సుమారు 620 కి.మీ. విజయవాడ 275 దగ్గర వచ్చేస్తుంది, అందుకే చాలామంది అక్కడ ఆగుతారు. మిగతా రోజుల్లో అయితే సరే. దసరా నవరాత్రుల్లో మాత్రం ఇంద్రకీలాద్రి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో ఊరు నిండిపోతుంది. మూలా నక్షత్రం రోజు అయితే ట్రాఫిక్ మళ్లింపులు, గదుల కొరత, రెండూ ఉంటాయి. దర్శనమే మీ ఉద్దేశమైతే వేరే మాట. దారిలో నిద్రపోవడానికే అయితే ఇంకో 160 కి.మీ. ముందుకెళ్లి రాజమహేంద్రవరంలో ఆగండి. పొద్దున ఆరుకు బయలుదేరినవాళ్లు మూడు, నాలుగు గంటలకు గోదావరి దాటుతారు.

నన్నడిగితే తెలుగు నేల మీద పిల్లలతో ఒక రాత్రి ఆగడానికి అంతకు మించిన ఊరు లేదు. ఏ ఘాట్ దగ్గర నిలబడినా వంతెనలు కనిపిస్తాయి. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, ఆర్చీలతో ఉన్న రైలు వంతెన. పైన రోడ్డు, కింద రైలు ఎలా వెళ్తాయో ఆరో తరగతి పిల్లాడికి అక్కడ నిలబెట్టి చూపిస్తే చాలు. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి చూసి, రోజ్‌మిల్క్ తాగి వచ్చి పడుకోవచ్చు. ఓపిక ఉంటే పొద్దున్నే ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847, 1852 మధ్య ఆనకట్ట కట్టిన చోటు అది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టినది. కాటన్ పేరు మీద మ్యూజియం అక్కడే ఉంది. మర్నాడు విశాఖకు మిగిలింది 190 కి.మీ. మాత్రమే. దారిలో అన్నవరం కొండెక్కి ఆకు పొట్లంలో ప్రసాదం తిని వెళ్లినా మధ్యాహ్నం భోజనం వేళకు చేరతారు.

బెంగళూరు వైపు లెక్క వేరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు 570 కి.మీ., 44వ నంబరు జాతీయ రహదారి బాగుంటుంది, ఇద్దరు నడిపేవాళ్లుంటే ఒక్క పగలులో వెళ్లొచ్చు. చిక్కు వచ్చేది మైసూరు, కూర్గ్, ఊటీ వెళ్లేవాళ్లకు. వాళ్లు అలవాటుగా బెంగళూరులో ఆగుతారు. అంటే సాయంత్రం ట్రాఫిక్‌లో ఊళ్లోకి రావడానికి రెండు గంటలు, పొద్దున ట్రాఫిక్‌లో బయటపడటానికి ఇంకో రెండు గంటలు. పెద్ద నగరంలో బంధువులు లేకపోతే ఆగకపోవడమే మంచిది. దాని ముందే ఆగి, అది నిద్ర లేవకముందే దాటేయాలి.

అలా దాటడానికి చిక్కబళ్లాపూర్ బాగా అనుకూలం. హైదరాబాద్ నుంచి సుమారు 515 కి.మీ. కాబట్టి ఐదింటికే బయలుదేరాలి, చక్రం దగ్గర మనిషి మారుతూ ఉండాలి. మర్నాడు తెల్లారి ఐదున్నరకు కదిలితే బెంగళూరు రద్దీ మొదలయ్యేలోపు మైసూరు రోడ్డు ఎక్కేస్తారు. ఊరికి దగ్గర్లోనే ముద్దేనహళ్లి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆయన జ్ఞాపకాలతో మ్యూజియం, సమాధి అక్కడే ఉన్నాయి. ఇంటిపేరు మాత్రం మన ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం ఊరిది. 1908లో మూసీ వరదలు హైదరాబాద్‌ను ముంచాక నగరాన్ని కాపాడే పథకం గీసింది ఆయనే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ పథకంలోంచి వచ్చినవే. గండిపేట నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు ఆ ఊరు చూపించడం నాకు బాగా నచ్చే విషయం.

ఒక్కరే నడిపేవాళ్లయితే 515 వద్దు. అనంతపురంలో ఆగండి, సుమారు 360 కి.మీ. అప్పుడు పొద్దున తొందర పడి బయలుదేరినా బెంగళూరు చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, అంటే సరిగ్గా రద్దీ మధ్యలో పడతారు. దానికి బదులు నిదానంగా టిఫిన్ చేసి, కొడికొండ దగ్గర హైవే దిగి లేపాక్షి చూసి, పన్నెండు తర్వాత నగరం దాటండి. వేలాడే స్తంభం కింద నుంచి కండువా లాగి చూడటానికి ఎటూ పిల్లలు అరగంట తీసుకుంటారు.

దసరా రోజుల్లో మైసూరులో గది దొరకడం కష్టం, దొరికినా ధర వేరేగా ఉంటుంది. ఉత్సవం చూడాలనుకుంటే ఇప్పటికే బుక్ చేసి ఉండాలి. ఊటీ వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బందీపూర్ అడవి గుండా పోయే రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, ముదుమలై వైపు కూడా అంతే. "ఇంకాస్త దూరమే కదా, వెళ్లిపోదాం" అనుకుని గేటు దగ్గరికి తొమ్మిదింబావుకి చేరితే కారులోనే తెల్లవారుతుంది. ఊటీకి 2024 నుంచి ఈ-పాస్ పద్ధతి వచ్చింది, అది కూడా ముందే చూసుకోండి. ఇదే అడవి నియమం మన దగ్గర శ్రీశైలం దారిలోనూ ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారు. హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం బయలుదేరి అక్కడక్కడా ఆగుతూ వెళ్లి ఇబ్బంది పడినవాళ్లు చాలామంది ఉన్నారు.

షిర్డీ వెళ్లేవాళ్లకు షోలాపూర్ ఉంది. హైదరాబాద్ నుంచి 65వ నంబరు రహదారిలో 310 కి.మీ. దుప్పట్ల ఊరు. మగ్గాల పని మీద తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడ స్థిరపడ్డారు. అందుకే బజారులో చాలాచోట్ల తెలుగు వినిపిస్తుంది, మహారాష్ట్రలో ఉన్నామన్న బెరుకు ఉండదు. ఊరు ఇంకా 45 కి.మీ. ఉందనగా నల్‌దుర్గ్ కోట వస్తుంది. నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట లోపలే గదులున్న జలమహల్ అందులో ఉంది. వానాకాలం చివర్లో నీళ్లు దూకుతుంటే చూడాలి. నవరాత్రుల్లో తుళ్జాపూర్ భవాని గుడికి జనం పోటెత్తుతారు, షోలాపూర్ నుంచి నడిచి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఆ తొమ్మిది రోజుల్లో అటు వెళ్తే గది ముందే ఖాయం చేసుకోండి, తుళ్జాపూర్ రోడ్డు మీద చీకట్లో బండి నడపకండి. గోవా వెళ్లేవాళ్లకు ఇదే పని హొసపేట చేస్తుంది, 370 కి.మీ. పైచిలుకు. పక్కనే హంపి. కాకపోతే హంపికి ఒక సాయంత్రం సరిపోదు, రెండు రాత్రులు ఉంచుకోండి. ఏడో తరగతి సాంఘికశాస్త్రం చదువుతున్న పిల్లలుంటే మరీను.

విశాఖ నుంచి తిరుపతి వెళ్లే కుటుంబాలు విజయవాడ బదులు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ గురించి ఆలోచించవచ్చు. సుమారు 440 కి.మీ., పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉంది, చుట్టుపక్కల ప్రైవేటువీ ఉన్నాయి. ఒక్క షరతు. సముద్రం ఒడ్డున ఆగేటప్పుడు వెలుతురు ఉండగానే చేరాలి, చీకటి పడ్డాక ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. రోజంతా కారులో మగ్గిన పిల్లలు సముద్రం కనిపించగానే చెప్పులు వదిలేసి పరుగెడతారు. ఆ మొదటి ఐదు నిమిషాలు పెద్దవాళ్లు ఒకరు పూర్తిగా వాళ్ల మీదే కన్నేసి ఉంచాలి. సామాను తర్వాత దించుకోవచ్చు.

హోటల్‌కు ఒక ఫోన్

ఊరు కుదిరాక హోటల్. యాప్‌లో నక్షత్రాలు చూసి బుక్ చేయడం సులువే, కానీ మనకు కావాల్సిన సంగతులు అందులో ఉండవు. కొన్నేళ్ల కిందట కోస్తాలోని ఒక ఊళ్లో మంచి రేటింగ్ ఉందని ఒక హోటల్‌లో దిగాం. గది బాగుంది, పరుపు బాగుంది. ఆ హోటల్ కింద ఫంక్షన్ హాలు ఉందని, ఆ రోజు పెద్ద ముహూర్తం అని మాత్రం ఎవరూ చెప్పలేదు. రాత్రి ఒంటిగంట దాకా డీజే. కిటికీ అద్దాలు అదురుతుంటే మా చిన్నది మంచం మీద డాన్సు చేసింది, పెద్దవాళ్లం గోడకేసి చూస్తూ కూర్చున్నాం. మర్నాడు రెండుసార్లు బండి పక్కన ఆపి కునుకు తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న మారింది. "రూమ్స్ ఉన్నాయా" అని కాదు, "ఆ రోజు మీ దగ్గర ఫంక్షన్ ఏమైనా ఉందా" అని అడుగుతాను. పంచాంగం చూసి గది బుక్ చేయడం నవ్వులాటగా అనిపిస్తుంది కానీ, ముహూర్తాల రోజుల్లో మన ఊళ్లలో గదులు దొరకకపోవడం, దొరికినా నిద్ర పట్టకపోవడం చాలామందికి అనుభవమే. సంక్రాంతికి భీమవరం వైపు వెళ్లేవాళ్లకైతే చెప్పనక్కరలేదు. కోడిపందేల కోసం గదులు నెలల ముందే అయిపోతాయి.

ఇంకా ఏం అడగాలి? గది రోడ్డు వైపా, వెనక వైపా. హైవే మీదే ఉన్న హోటల్‌లో ముందు వైపు గది అంటే రాత్రంతా లారీల గేర్లు, ఎయిర్ హారన్లు. వెనక వైపు పై అంతస్తు అడగండి, లిఫ్టు ఉందో లేదో కూడా. అమ్మమ్మ, తాతయ్య వెంట ఉంటే ఆ రెండో ప్రశ్నే ముఖ్యం. కారు కాంపౌండ్ లోపల పెట్టుకోవచ్చా, రాత్రి వాచ్‌మన్ ఉంటాడా. కింద బార్ ఉందా. "బార్ అండ్ రెస్టారెంట్" అని ఒకే మెట్ల మీదుగా వెళ్లే చోట పిల్లలతో రాత్రి భోజనానికి దిగడం ఇబ్బంది. వేడి నీళ్లు ఎప్పుడొస్తాయి. చాలా చోట్ల పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకే వదులుతారు, ఐదింటికి స్నానం చేసి కదలాలనుకునేవాళ్లకు అది పనికిరాదు. టిఫిన్ ఉచితం అంటారు, అది ఏడున్నరకు మొదలవుతుంది. మనం ఆరుకే వెళ్లిపోతాం. ఇడ్లీ పార్సిల్ కట్టిస్తారా అని అడిగితే చాలామంది సరే అంటారు.

పిల్లలకు ఎంత వయసు వరకు అదనపు డబ్బు లేదో, అదనపు పరుపు ఎంతో ముందే ఖాయం చేసుకుని, ఆ మాట వాట్సాప్‌లో పంపమనండి. కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది. పెద్దలందరి గుర్తింపు కార్డులు, పిల్లల ఆధార్ కాపీలు ఒక కవరులో పెట్టి ముందు సీటు దగ్గరే ఉంచండి. డిక్కీ అడుగున ఉన్న సూట్‌కేసులో కాదు.

రివ్యూలు చదివేటప్పుడు సగటు రేటింగ్ వదిలేసి, గత రెండు మూడు నెలల్లో పిల్లలతో వెళ్లినవాళ్లు ఏం రాశారో చూడండి. హోటల్‌వాళ్లు పెట్టిన ఫొటోలు కాదు, బస చేసినవాళ్లు తీసినవి చూడండి. బాత్రూం ఫొటో ఒక్కటి చాలు, మిగతా సంగతులు అదే చెబుతుంది. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే బుకింగ్ అయితే వందో రెండొందలో ఎక్కువైనా తీసుకోండి. దారిలో పిల్లాడికి జ్వరం వచ్చి వంద కి.మీ. ముందే ఆగాల్సి రావచ్చు. డబ్బు పోతుందని ఆ వంద కి.మీ. లాక్కెళ్లడం కన్నా ఆ రెండొందలు తక్కువే. ఆగే ఊళ్లో రాత్రి తెరిచి ఉండే పిల్లల ఆసుపత్రి ఏదో ముందే చూసి పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే.

డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడు?

సొంతగా నడపకుండా డ్రైవరును పెట్టుకుని వెళ్లే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. గది బుక్ చేసేటప్పుడు ఎంతమందికి అని అడిగితే నలుగురం అంటాం. కారులో ఉన్నది ఐదుగురు. ఐదో మనిషి రాత్రంతా సీటు వెనక్కి వాల్చుకుని, అద్దం కాస్త దించుకుని, దోమల మధ్య పడుకుంటాడు. తెల్లారి ఆ మనిషి చేతికే మన పిల్లల్ని అప్పగిస్తాం. ఆయనకు నిద్ర పట్టిందా అని అడిగితే "పర్లేదు సార్" అనే అంటాడు. ఇంకేం అంటాడు?

డ్రైవర్ బత్తా ఇస్తున్నాం కదా అనుకోవద్దు. బత్తాను ఇంటికి మిగుల్చుకుని కారులో పడుకునేవాళ్లే ఎక్కువ. బత్తా వేరు, పడక వేరు. హోటల్‌కు ఫోన్ చేసినప్పుడే "డ్రైవర్లకు డార్మిటరీ ఉందా, బాత్రూం ఉందా, భోజనం ఎక్కడ" అని అడగండి. తమిళనాడులో 2023లో భవన నియమాలు మార్చి, హోటళ్లు అతిథుల డ్రైవర్లకు పడక, మరుగుదొడ్డి సదుపాయం చూపాలని పెట్టారు. మన వైపు కొన్ని హోటళ్లు బాగానే ఏర్పాటు చేస్తాయి, కొన్ని అసలు పట్టించుకోవు. డార్మిటరీ లేదంటే పక్కన చిన్న లాడ్జిలో ఒక గది తీసి ఇవ్వండి. దాన్ని దయగా లెక్కేయనక్కరలేదు, టైర్లలో గాలి చూసుకోవడం ఎంత అవసరమో ఇదీ అంతే. రాత్రి ఎనిమిదింటికే ఆయన్ని వదిలేయండి, మళ్లీ బజారుకు తిప్పకండి.

గదిలోకి వెళ్లాక

డబ్బు కట్టకముందే గది చూపించమనండి. ఎవరూ ఏమీ అనుకోరు. గడియ సరిగ్గా పడుతుందా, కిటికీకి గ్రిల్ ఉందా, బాల్కనీ పిట్టగోడ మీదికి పిల్లలు ఎక్కేలా ఉందా, బాత్రూం నేల జారుతుందా. చిన్న పిల్లలుంటే టీ కెటిల్‌నూ గీజర్ స్విచ్‌నూ వాళ్లకు అందకుండా చూసుకోండి. ఈత కొలను ఉన్న హోటల్ అయితే ఇంకా సంతోషం, కానీ చాలా చోట్ల కాపలా ఉండే మనిషి ఉండడు, కాబట్టి పెద్దవాళ్లు ఒకరు ఫోన్ లోపల పెట్టి గట్టున కూర్చోవాలి.

రాత్రి భోజనం తేలిగ్గా, తొందరగా కానిచ్చేయండి. కొత్త ఊరి బిర్యానీ రుచి తిరుగు ప్రయాణంలో చూడొచ్చు. ప్రయాణంలో వాంతులయ్యే పిల్లలకు రాత్రి నూనె పదార్థాలు పెడితే ఆ ఫలితం పొద్దున కారులో కనిపిస్తుంది. దగ్గర్లో అన్నం, పప్పు, పెరుగు దొరికే మెస్ ఎక్కడో రిసెప్షన్ కుర్రాడికి తెలుస్తుంది. హోటల్ రెస్టారెంట్ ఉండగా ఆ సంగతి ఆయన నోటితో చెప్పించడానికి కాస్త మెల్లగా అడగాలి, అంతే. ఇంకో మాట, బడి తరఫునే చెబుతున్నాను. ఆ గదిలో హాలిడే హోంవర్క్ బయటికి తీయకండి. కావాలంటే మర్నాటి దారి మ్యాప్ పరిచి, మిగిలిన దూరం ఎంత, ఏ వేగానికి ఎన్నింటికి చేరతాం, ఎక్కడ టిఫిన్ అని పిల్లల్నే లెక్క వేయనివ్వండి. ఆగే ఊరిని రెండు మూడు ఊళ్లలోంచి వాళ్లే ఎంచుకుంటే ఇంకా మంచిది. తాము ఎంచుకున్న ఊరి మీద వాళ్లు ఫిర్యాదులు తక్కువ చేస్తారు.

నడిపేవాళ్లు మాత్రం తొమ్మిదిన్నరకు లైటు ఆర్పేయాలి. టీవీలో మ్యాచ్ ఉన్నా సరే. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033, అంబులెన్స్ 108 నంబర్లు అందరి ఫోన్లలో వేసి ఉంచండి. పొద్దున గది వదిలే ముందు ఒకరు మంచాల కింద, ప్లగ్గుల దగ్గర, బాత్రూం తలుపు వెనక కొక్కేనికి ఒకసారి చూడాలి. ఛార్జర్లు, కళ్లజోళ్లు, తడిసిన తువ్వాళ్లు మిగిలిపోయేది అక్కడే. ఆ పని మా ఇంట్లో ఎప్పుడూ చిన్నదానిదే, ఇప్పటివరకు ఒక్క సాక్సు తప్ప ఏదీ వదల్లేదు.